సీటు కవరు కింద దొరికిన బకిల్

2019 దసరాకి కారు కొన్నాం. షోరూం నుంచి నేరుగా సీటు కవర్ల షాపుకి తీసుకెళ్లాను. వెనక సీటుకి కవరు తొడుగుతున్న కుర్రాడు మధ్యలో ఆగి, "సార్, ఈ బెల్టు బకిల్స్ బయటికి తియ్యాలా, లోపలికి నెట్టెయ్యాలా?" అని అడిగాడు. "లోపలికే నెట్టెయ్ బాబూ, కూర్చుంటే గుచ్చుకుంటాయి" అన్నాను. అన్నది నేనే. ఆ తర్వాత మూడేళ్ల పైన ఆ బకిల్స్ ఊసే నాకు గుర్తు రాలేదు.

2023 ఫిబ్రవరిలో కోదాడలో మా బావగారి తరఫు వాళ్ల పెళ్లి. రాత్రి ముహూర్తం. మర్నాడు పిల్లలకి కాలేజీలున్నాయి, పెద్దవాళ్లం అప్పగింతల దాకా ఉండాలి. అందుకని తలంబ్రాలు అవగానే పిల్లల్ని కారులో హైదరాబాద్ పంపించాం. డ్రైవింగ్ మా అన్నయ్య పెద్దకొడుకు. వాడికి ఇరవై ఒకటి, లైసెన్సు వచ్చి మూడేళ్లు, నెమ్మదైన పిల్లాడు. పక్కన వాడి తమ్ముడు. వెనక సీట్లో మా చెల్లెలి కూతురు, మధ్యలో మావాడు, డ్రైవరు వెనక మా అన్నయ్య కొడుకు స్నేహితుడు. మావాడికి అప్పుడు పదిహేడు, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. మేనకోడలు పదో తరగతి.

ముందున్న అన్నదమ్ములిద్దరూ బెల్టు పెట్టుకున్నారు. పెట్టుకోకపోతే కారు ఊరుకోదు, కీ కీ మని అరుస్తూనే ఉంటుంది. వెనక ముగ్గురూ పెట్టుకోలేదు. పెట్టుకుందామన్నా బకిల్స్ పైకి ఉంటే కదా.

కొర్లపహాడ్ టోల్ దాటి నకిరేకల్ వైపు వస్తుంటే, డివైడర్ గ్యాపులోంచి వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీతో సహా రోడ్డెక్కింది. అన్నయ్య పెద్దకొడుకు బ్రేకు తొక్కాడు, స్టీరింగ్ తిప్పాడు. ట్రాలీ మూలకి కొట్టుకుని కారు డివైడర్ ఎక్కి ఆగింది. గుద్దుకునేసరికి అరవై ఉండొచ్చని వాడి అంచనా. వెనక వస్తున్న ఒక లారీ డ్రైవరు ఆపి 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా మా మేనకోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. ఆయన పేరు మాకు తెలీదు. సాయం చేసినవాళ్లని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. పోలీసులు కూడా ఆయన్ని ఆపలేదు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నేను ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారుజాము మూడు. వరండాలో మొదట కనిపించింది ముందు సీట్లో ఉన్న అన్నదమ్ములు. ఇద్దరూ కాళ్ల మీద నిలబడి ఉన్నారు. పెద్దవాడి చొక్కా గుండీలు తీసి ఉన్నాయి. కుడి భుజం మీంచి ఎడమ నడుము దాకా, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు, రెండంగుళాల వెడల్పున నల్లగా కమిలిపోయిన పట్టీ. బెల్టు అచ్చు. "బాబాయ్, నాకేం కాలేదు. లోపల వాళ్లని చూడు" అని ఏడ్చేశాడు.

లోపల మావాడికి కుడి తొడ ఎముక విరిగింది. రెండు ముందు సీట్ల మధ్యలోంచి ముందుకొచ్చి గేరు దగ్గర పడ్డాడు. నుదుటి మీద తొమ్మిది కుట్లు, ముందు పళ్లు రెండు పోయాయి. మేనకోడలికి ముక్కు, మెడ కింది ఎముక. ఆ స్నేహితుడికి మోకాలి చిప్ప. కాసేపటికి పెద్దవాడికి ఊపిరి పీలిస్తే నొప్పి అంటే ఎక్స్‌రే తీశారు. వీపు వైపు రెండు పక్కటెముకలు చిట్లాయి. డాక్టరుగారు ఫిల్మ్ చూసి, "ఇది స్టీరింగ్ దెబ్బ కాదండీ. వెనక కూర్చున్న అబ్బాయి మోకాళ్లు సీటుని గుద్దాయి. బెల్టు వీణ్ణి ముందునుంచి కాపాడింది, వెనకనుంచి ఎవరు కాపాడతారు?" అన్నారు. వెనక సీటు బెల్టు వెనకవాళ్ల కోసమే అనుకునేవాణ్ణి, అది అప్పటిదాకా.

అక్కడినుంచి మొదలైన తిరుగుడు అంతా చెప్పను గానీ, మళ్లీ ఎవరికైనా అవసరం పడితే పనికొచ్చేవి చెబుతాను. మొదటి ఆసుపత్రిలోనే ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసు కోసం గాయాల వివరాలు డాక్టర్లు రాసే మెడికో లీగల్ రికార్డు, రాయించి నంబరు తీసుకోండి. తర్వాత ఎఫ్ఐఆర్‌కి, ఇన్సూరెన్స్‌కి, ప్రమాద పరిహారం కోసం వేసే ట్రిబ్యునల్ కేసుకి అన్నిటికీ అదే మూలం. మేం కంగారులో తీసుకోలేదు, దానికోసం రెండుసార్లు హైదరాబాద్ నుంచి వెనక్కి వెళ్లాల్సొచ్చింది. తలకి దెబ్బ తగిలితే, మనిషి మాట్లాడుతున్నా సరే, సీటీ స్కాన్ తీసి చూశాకే వేరే చోటికి కదలండి. విరిగిన కాలుకి కర్రలు కట్టకుండా కదిలించనివ్వకండి.

డబ్బు సంగతి. మాకు ఆఫీసు వైద్య బీమా ఉంది కాబట్టి తొడలో రాడ్ వేసిన ఆపరేషన్ గట్టెక్కింది. చెల్లెలి వాళ్లకి లేదు, బంగారం కుదవపెట్టారు. రోడ్డు ప్రమాద బాధితులకి మొదటి ఏడు రోజుల్లో 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఇప్పుడు ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే ఆసుపత్రిలో నోరు తెరిచి అడగండి. ఇంకొకటి, కారు పాలసీ కాగితం తీసి ఒక్కసారి చదవండి. అందులో ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కారు యజమానికి మాత్రమే. పక్కన, వెనక కూర్చున్నవాళ్లకి విడిగా కట్టించుకోవాలి, ఏడాదికి కొన్ని వందలు. రెన్యువల్ అప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టలేదు నేను.

ఆపరేషనైన పది రోజులకి కారు చూడ్డానికి ఇన్సూరెన్స్ సర్వేయరుతో కలిసి యార్డుకి వెళ్లాను. ముందు భాగం నుజ్జయింది గానీ లోపల ఆశ్చర్యంగా అంతా ఉన్నట్టే ఉంది. ముందు సీటు బెల్టు పట్టుకుని చూశాను. అంచులు మెరుపు పోయి, బకిల్ మీద ఎర్ర బటన్ అరిగి, గీతలు పడి ఉంది. వెనక సీట్లోకి వెళ్లి కూర్చున్నాను. కవరు సందులో చెయ్యి పెట్టాను. వేళ్లకి పల్లీ పొట్టు, రెండు రూపాయల బిళ్ల, మేనకోడలి జడ క్లిప్పు తగిలాయి. ఇంకా కిందికి పోనిస్తే గట్టిగా ఏదో తగిలింది. కవరు కుట్టు చింపి పైకి లాగాను. ఫ్యాక్టరీలో పెట్టిన బకిల్. ఎర్ర బటన్ తళతళలాడుతోంది, ఒక్క గీత లేదు. మధ్య సీటు నడుం బెల్టుకి చుట్టిన రబ్బరు బ్యాండు కూడా తియ్యలేదు, ఎండిపోయి ముట్టుకుంటే తెగింది. మూడున్నరేళ్లు మావాడు దానిమీదే కూర్చున్నాడు. సర్వేయరుగారు ఫోటోలు తీసుకోవడం ఆపి బయటికి వెళ్లి నిలబడ్డారు. ఆ బకిల్ చేతిలో పట్టుకుని ఎంతసేపు ఉన్నానో నాకు తెలీదు.

ఇంకా బాధేమిటంటే, నాకు తెలియక కాదు. ఆ ముందు సెప్టెంబరు 4నే టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయారు. పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు, వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. అంత ఖరీదైన కారు. మర్నాడు ఆఫీసులో టీ తాగుతూ "వెనక కూడా పెట్టుకోవాలయ్యా" అని పదిమందికీ చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి పార్కింగ్‌లో కారు తాళం వేసి పైకి వెళ్లిపోయాను. ఆ బకిల్స్ తీయడానికి పది నిమిషాలు పట్టేది.

మంచం మీద ఉన్నప్పుడు మావాడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. మార్చిలో రాయాల్సిన పరీక్షలు పోయాయి, జేఈఈ పోయింది. బెడ్‌పాన్ అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసేవాడు. పదిహేడేళ్ల పిల్లాడికి అంతకన్నా నరకం ఏముంటుంది. మోకాలు వంచించే రోజుల్లో ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చే టైముకి దిండు నోట్లో కుక్కుకునేవాడు. ఒకరోజు ఫిజిక్స్ నోటు పుస్తకం అడిగి తీసుకుని ఏదో లెక్క వేస్తున్నాడు. వెళ్లి చూస్తే, ఆ వేగంతో నేలని గుద్దుకోవాలంటే ఎంత ఎత్తు నుంచి పడాలి అని లెక్క. గంటకి అరవై కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు, దాని వర్గాన్ని రెండు జీతో భాగిస్తే పధ్నాలుగు మీటర్లు. "నాన్నా, మన బాల్కనీ కన్నా కొంచెం ఎత్తు" అన్నాడు. మేముండేది నాలుగో అంతస్తు. "బాల్కనీ గోడ మీద పట్టుకోకుండా నిలబడమంటే నిలబడతానా?" అని వాడే అడిగి, పుస్తకం మూసేశాడు. భుజం మీంచీ నడుం మీంచీ వచ్చే ఇప్పటి బెల్టుని 1959లో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారుచేశాడనీ, వోల్వో వాళ్లు ఆ పేటెంటుని అందరూ వాడుకోమని వదిలేశారనీ కూడా అప్పుడే వాడి ద్వారా తెలిసింది.

వాడి స్నేహితులు చూడ్డానికి వచ్చేవాళ్లు. అడిగాను, వెనక కూర్చుంటే ఎవరైనా బెల్టు పెట్టుకుంటారా అని. ఒకడు నిజం చెప్పాడు. "పెట్టుకుంటే నడిపేవాడు ఫీలవుతాడంకుల్. నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదారా అంటాడు." ఇది మా పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నదే. మా ఇళ్లల్లో బెల్టు అంటే పోలీసులు కనబడగానే భుజం మీదికి లాక్కుని, దాటగానే వదిలేసేది. పిల్లలు చూస్తూ పెరిగారు. బెల్టు నాలుక బదులు బకిల్‌లో దూర్చి కారు అరుపు నొక్కేసే క్లిప్పులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే 2023లో కేంద్ర వినియోగదారుల సంస్థ తీసేయించాల్సి వచ్చింది. ఆ క్లిప్పు మా బంధువుల కార్లలో నేను చూశాను, మెచ్చుకున్నాను కూడా.

తర్వాత కేంద్ర రవాణా శాఖ లెక్కల కోసం వెతికాను. 2022లో దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది. వాళ్లలో నడిపినవాళ్లు 8,384, కూర్చున్నవాళ్లు 8,331. దాదాపు సగం సగం. వెనక సీట్లో కూడా బెల్టు తప్పనిసరి అని నిబంధన ఎప్పటినుంచో ఉంది, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. నన్ను మాత్రం వెనక బెల్టు కోసం ఏనాడూ ఎవరూ ఆపలేదు. ఒక్కసారైనా ఆపి వెయ్యి రాసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

జూన్‌లో మావాడు చేతికర్రతో సప్లిమెంటరీ పరీక్షలు రాశాడు, పాసయ్యాడు. ఇప్పుడు బీటెక్ చదువుతున్నాడు. చలికాలంలో రాడ్ ఉన్న చోట లాగుతుంది, వేగంగా నడిస్తే కొద్దిగా కుంటు తెలుస్తుంది. తర్వాత మేం కొన్నది సెకండ్ హ్యాండ్ కారు. బేరానికి ముందు వాడు వెనక సీట్లో కూర్చుని మూడు బెల్టులూ మెల్లగా లాగి చూశాడు, మధ్యలో ఒక్క కుదుపుతో గుంజి పట్టుకుంటోందా లేదా చూశాడు. పట్టీ అంచులు చిరిగాయేమో వేలితో రాసి చూశాడు. నడుం పట్టీ పొట్ట మీద కాకుండా కింద తుంటి ఎముకల మీద ఉండాలని, పై పట్టీ చంక కిందకి పోనివ్వకూడదని వాళ్లమ్మకి వాడే చూపించాడు. సీటు కవరు వేయించలేదు.

మొన్న నవంబరులో మళ్లీ కోదాడే వెళ్లాం, గృహప్రవేశానికి. తిరుగు ప్రయాణంలో మా బావమరిది తన కారులో పిల్లలందర్నీ ఎక్కించుకుంటానన్నాడు. మావాడు వెళ్లి వెనక తలుపు తీసి సీటు సందులో చెయ్యి పెట్టాడు. అక్కడా కవరే. ఫంక్షన్ హాల్ బయట ఎండలో, సఫారీ వేసుకున్న మేనమామ గడియారం చూసుకుంటుంటే, వీడూ మేనకోడలూ మోకాళ్ల మీద కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పారు. అటూ ఇటూ రెండు బకిల్స్ బయటికొచ్చాయి. మధ్యది సీటు కిందికి దిగబడిపోయింది, ఎంత లాగినా రాలేదు.

"సర్దుకుని కూర్చోండ్రా, గంటలో సూర్యాపేట దాటేస్తాం" అన్నాడు మా బావమరిది.

"మామయ్యా, వెనక ఇద్దరికే బెల్టులున్నాయి. చెల్లీ, తమ్ముడూ మీతో వస్తారు. నేను బస్సులో వస్తా" అన్నాడు మావాడు. చేతులకి అంటిన దుమ్ము ప్యాంటుకి తుడుచుకుని, ఆ ఇద్దరికీ బెల్టులు పెట్టి గట్టిగా లాగి చూసి, తలుపు వేశాడు. నేనూ వాడితోపాటే కోదాడ బస్టాండుకి నడిచాను.