చెరువుల మధ్య ఇంట్లో ఏ మైకు?

మైకుల్లో కండెన్సర్, డైనమిక్ అని రెండు ముఖ్య రకాలున్నాయి. మైకు కొనాలంటే చాలామంది ముందు చెప్పే మాట, "కండెన్సర్ తీసుకో, క్లారిటీ బాగుంటుంది" అని. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది నిజమే. భీమవరం పక్కన, చుట్టూ రొయ్యల చెరువులున్న పెంకుటింట్లో ఉండేవాళ్లకి మాత్రం నేను డైనమిక్ మైకే తీసుకోమంటాను.

మా ఇంట్లో రెండు పనులకీ ఒకటే మైకు. సాయంత్రాలు మా బాబాయి పాత నాటకాల పద్యాలు పాడితే నేను రికార్డు చేస్తాను. భోజనాలయ్యాక తమ్ముడు స్నేహితులతో గేమ్స్ ఆడతాడు. బడ్జెట్ ఐదు వేలు. బయట రాత్రంతా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల హోరు, లోపల నెత్తి మీద ఫ్యాను. మే నెల ఉక్కపోతలో ఫ్యాను ఆపేసి పెద్దాయన్ని పాడమనడం నా వల్ల కాదు.

కండెన్సర్‌లో ఉండేది పల్చటి పొర, చిన్న అలికిడికీ కదులుతుంది. డైనమిక్‌లో ఆ పొరకి తీగచుట్ట అంటుకుని ఉంటుంది కాబట్టి అంత సున్నితం కాదు, నోరు దగ్గరగా పెట్టక తప్పదు. నాకు లాభం అక్కడే కనిపించింది. నోటికీ మైకుకీ దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, చెరువు హోరు మాత్రం ఎంతుందో అంతే ఉంటుంది. బెత్తెడు దూరంలో పాడితే గొంతే ముందుకొస్తుంది. పైగా మా వైపు గాలిలో తేమ ఎక్కువ. కండెన్సర్‌కి తేమ పడదు, డైనమిక్ తట్టుకుంటుంది.

మైకు ఎంత ముఖ్యమో దాన్ని పెట్టే తీరూ అంతే ముఖ్యం. కార్డియాయిడ్ రకం ఎదురుగా ఉన్నది బాగా తీసుకుంటుంది, వెనక వైపుది తక్కువ. బల్ల మీద చిన్న స్టాండులో పైకి చూస్తూ పెడితే అది తిన్నగా ఫ్యానునే వింటుంది. అందుకే బల్లకి బూమ్ ఆర్మ్ (మైకుని పట్టుకునే, వంగే పొడుగాటి చెయ్యి) బిగించి, మైకు పైనుంచి కిందికి నోటివైపు చూసేలా వంచాను. ఇప్పుడు ఫ్యాను దాని వీపు వైపుంది. పద్యాల్లో భ, ఫ, ఖ లాంటి అక్షరాలు గాలిని గట్టిగా తోస్తాయి. మైకుని పెదవుల మూల వైపు జరిపి ఫోమ్ తొడిగితే ఆ దెబ్బ తగలదు. బాబాయి పై స్థాయికి వెళ్లేటప్పుడు తనే తల కొంచెం వెనక్కి తీస్తాడు, స్టేజీ అలవాటు. "ఏమ్మా, పగిలిందా?" అని, గొంతు మరీ గట్టిగా పడి రికార్డు గరగరలాడిందా అన్నట్టు అడుగుతాడు. పగలదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో గట్టి చోట్ల కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగు) ముందే పెట్టుకుంటాను.

కొనేటప్పుడు నేను చూసినవి: కంప్యూటర్‌కి పెట్టే యూఎస్‌బీ, స్టూడియో పరికరాలకి పెట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉండాలి, మైకుకే హెడ్‌ఫోన్ జాక్ ఉండాలి. శామ్సన్ క్యూ2యూ, ఫైఫైన్ ఏఎమ్8 ఈ కోవలోవే. ఇవాళ్టికి ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ చాలు. రేపు ఆడియో ఇంటర్‌ఫేస్ (ఎక్స్‌ఎల్‌ఆర్ మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొన్నా అదే మైకు పనికొస్తుంది. రంగురంగుల లైట్లు తమ్ముడికి ఇష్టం, వాటివల్ల గొంతు మారదు. బోయా బీవై-ఎమ్1 లాంటి కాలర్ మైకు చవకే, ఫోన్‌లో వీడియోలకి బాగుంటుంది. కానీ అన్ని వైపులా వింటుంది కాబట్టి మా ఇంటికి సరిపోదు.

గేమ్స్‌కైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఆడుతూ మాట్లాడుకునే యాప్ డిస్కార్డ్‌లో నాయిస్ సప్రెషన్ (రొద తగ్గించే సెట్టింగు) ఆన్ చేస్తే ఫ్యాను, ఏరేటర్ చాలావరకు పోతాయి. పద్యానికి మాత్రం దాన్ని వాడకండి. బాబాయి రాగం సాగదీసిన చోట అది కూడా రొదే అనుకుని మధ్యలో కోసేస్తుంది.

ఆర్డర్ పెట్టేముందు ఒక పని చేయండి. మీరు కూర్చునే చోట, కూర్చునే వేళకే, ఫోన్‌తో ఓ నిమిషం ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, పక్కింటి మోటారు అన్నీ అందులో దొరుకుతాయి. ఐదు వేలలో కొంత బూమ్ ఆర్మ్‌కి ముందే తీసి పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో మైకు వెతకండి.