కొండ దిగి కట్ట ఎక్కాం

మూడు నెలల ముందే కొండ ఖాయం చేసుకున్నాను. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. సంపూర్ణ దశే 82 నిమిషాలు. ఎత్తైన చోట, వీధి దీపాలకు దూరంగా కూర్చుని తీరిగ్గా ఫొటోలు తీసుకోవచ్చని నా లెక్క. తీరా చూస్తే, నీడ పడడానికి ఆరు గంటల ముందు ఆ కొండ మీంచి పరుగున దిగాల్సి వచ్చింది.

తప్పు నాదే. పాలపుంత ఫొటోలు తీసే అలవాటు కొద్దీ చీకటి ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకున్నాను. చంద్రుడికి అంత చీకటి అక్కర్లేదు, వీధి దీపం కింద నిలబడి కూడా గ్రహణం చూడొచ్చు. కావలసినవి మబ్బులేని ఆకాశం, మబ్బు పడితే ఇంకో చోటికి పోవడానికి దారి. కొండ మీద ఆ రెండూ ఉండవు. తేమ గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి అక్కడే మబ్బు కడుతుంది. పైగా దిగడానికి ఒక్కటే ఘాట్ రోడ్డు.

మధ్యాహ్నం మూడున్నరకి పైకి చేరేసరికి చుట్టూ తెల్లగా కమ్మేసి ఉంది. తమ్ముడు కారు దిగకుండానే, "అన్నయ్యా, చంద్రుడి సంగతి తర్వాత, ముందు నువ్వే కనబడట్లేదు" అన్నాడు.

వాతావరణ యాప్‌లో మాత్రం నిక్షేపంగా చంద్రుడి బొమ్మ, పక్కన చిన్న మబ్బు. ఆ బొమ్మల్ని నేను ఎప్పుడో నమ్మడం మానేశాను. ఉపగ్రహం తీసిన ఇన్‌ఫ్రారెడ్ (వెలుగుని కాక వేడిని పట్టే) చిత్రాలు గత నాలుగు గంటలవి వరసగా ఆడించి చూస్తే మబ్బు ఎటు నడుస్తోందో కళ్లకు కడుతుంది, రాత్రయినా పనిచేస్తుంది. మబ్బులు పడమటి నుంచి వస్తున్నాయి, కొండల వరస దగ్గర ఆగి కుప్ప పడుతున్నాయి. తూర్పున, కొండల చాటున ఉన్న మైదానం మీద మాత్రం అక్కడక్కడా ఖాళీలు. ఆ వైపు 90 కిలోమీటర్ల దూరంలో ఒక రిజర్వాయర్ కట్టని ముందే మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నాను. మొక్కుబడిగా పెట్టుకున్న గుర్తు అది. అదే మమ్మల్ని కాపాడింది.

ఏడు దాటాక కట్ట ఎక్కాం. తూర్పున చంద్రుడు అప్పటికే లేచి ఉన్నాడు. నీళ్లలో ఎర్రటి చంద్రుడి ప్రతిబింబంతో ఒక ఫొటో తియ్యాలని తమ్ముడి కోరిక. అది కుదరదని ముందే చెప్పాను. అర్ధరాత్రికి చంద్రుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, నీళ్లూ చెట్లూ చంద్రుడూ ఒకే ఫ్రేములో ఇమడవు. అలాంటి ఫొటో కావాలంటే గ్రహణం జరిగేటప్పుడు చంద్రుడు ఉదయిస్తూనో అస్తమిస్తూనో ఉండే ప్రాంతానికి పోవాలి. ఎక్కడికి వెళ్లాలన్నది మన కెమెరా కన్నా ముందు మన ఫ్రేమే చెప్తుంది.

నేను 400 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకెళ్లాను. ఫోకల్ లెంగ్త్‌ని, అంటే ఆ 400ని, 110తో భాగిస్తే సెన్సార్ మీద చంద్రుడి బొమ్మ ఎంత వస్తుందో తెలుస్తుంది. నాకు మూడున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అంత పెద్ద లెన్స్ పెట్టినా అంతే! ట్రైపాడ్ గట్టిగా నాటి, చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేసి, రెండు సెకన్ల టైమర్ పెట్టాను. నిండు వెన్నెల్లో చంద్రుడి అంచు మీద చేత్తో ఫోకస్ చేసి, రింగు కదలకుండా టేపు చుట్టాను. చంద్రుడు మసకబారాక ఆటోఫోకస్‌ని నమ్మితే అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది.

తొమ్మిదికి చంద్రుడు భూమి పలచని నీడలోకి వచ్చాడు, కంటికి ఏమీ తెలియలేదు. 9:57కి ఎడమ అంచున కొరికినట్టు మొదటి నల్లటి ముక్క. అప్పుడు ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 200, ఎఫ్/8 (లెన్స్ తెరుచుకునే రంధ్రం), షట్టర్ సెకనులో 400వ వంతు. నీడ పెరిగే కొద్దీ షట్టర్ వేగం తగ్గిస్తూ పోయాను. పదిన్నరకి పలచటి మబ్బొకటి వచ్చి పావుగంట టెన్షన్ పెట్టి పోయింది.

పదకొండు గంటలకు చివరి వెలుగు ముక్క మాయమైంది. అప్పటిదాకా కట్ట మీద స్పష్టంగా కనిపించిన మా నీడలు లేవు. ఆకాశం నిండా నక్షత్రాలు. చంద్రుడి పైభాగం మాడిన ఇటుక రంగు, కింది అంచు రాగి రంగు. ఆ రాత్రి చంద్రుడు నీడ నడిమధ్యకి కాస్త దక్షిణంగా జరిగి వెళ్లాడు, అందుకే కింది అంచుకి వెలుగు ఎక్కువ. భూమి చుట్టూ ఉన్న గాలి పొర నీలాన్ని చెదరగొట్టి ఎరుపుని లోపలికి వంచి పంపుతుంది. మనకి కనిపించే ఎరుపు అదే.

ఐఎస్ఓ 3200, ఎఫ్/5.6, అర సెకను. అంతకన్నా ఎక్కువసేపు షట్టర్ తెరిస్తే చంద్రుడి నడకకి బొమ్మ సాగిపోతుంది. ఇరవై నిమిషాలు హాయిగా తీశాను. తర్వాత ఎందుకో ఒక ఫొటో పెద్దది చేసి చూస్తే చంద్రుడు మెత్తగా, ఊలు ఉండలా ఉన్నాడు. ఫోకస్ జారిందేమో అనుకుని లెన్స్ ముందుకి టార్చి వేశాను. అద్దం నిండా మంచు! మబ్బు నుంచి పారిపోయి నీళ్ల ఒడ్డుకి వచ్చి కూర్చుంటే ఇంకేం దొరుకుతుంది?

గుడ్డతో తుడిస్తే నిమిషంలో మళ్లీ పట్టింది. లెన్స్ ఊడదీసి కారులో వేడిగాలి ముందు పట్టుకున్నాను. తమ్ముడు కట్ట మీద వెల్లకిలా పడుకుని బైనాక్యులర్స్‌తో చూస్తూ, "ఎడమ పక్కన పసుపుగా ఒకటుంది, ఏంటది?" అని అరిచాడు. శని గ్రహం. చేయి చాచి పిడికిలి పెట్టి కొలిస్తే చంద్రుడికి పిడికిలిన్నర దూరం.

లెన్స్ ఆరింది కానీ, విప్పేటప్పుడు టేపు జారి రింగు తిరిగిపోయింది. మసక ఎరుపులో ఫోకస్ చెయ్యడానికి పదునైన అంచు ఏదీ లేదు. అప్పుడు ఆ శని గ్రహమే దిక్కయింది. కెమెరా అటు తిప్పి, స్క్రీన్ మీద పదిరెట్లు పెద్దది చేసి, ఆ చుక్క వీలైనంత చిన్నదయ్యే దాకా రింగుని గోరుతో తడుతూ తిప్పాను. మళ్లీ చంద్రుడి మీదకి వచ్చేసరికి 11:50. ఆ రాత్రి తీసినవాటిలో ఉంచుకోదగ్గ ఫొటోలన్నీ ఆ తర్వాతి అరగంటలోవే.

12:20 ప్రాంతంలో వెలుగు వచ్చే అంచున సన్నటి నీలి పట్టీ కనబడింది. వాతావరణంలో పై పొరల్లోని ఓజోన్ ఎరుపుని పీల్చుకుంటే మిగిలే రంగది. నాలుగు ఫొటోలు తీశానో లేదో, తెల్లటి గీత మెరిసింది. షట్టర్ వేగం మార్చడం మర్చిపోయి తీసిన ఐదోది మొత్తం తెల్లగా వచ్చింది.

కట్ట మీద మా నీడలు మెల్లగా మళ్లీ పడ్డాయి. తమ్ముడు పడుకున్న చోటి నుంచే, "ఇప్పుడు దొరికింది కదన్నయ్యా, ఫోకస్ చెయ్యడానికి అంచు" అన్నాడు.