ఎండలో తిరగకండి, సముద్రంలో దిగకండి

పదకొండు దాటింది. అత్తయ్య ఇందాకే కునుకు తీశారు. ఈయన టీవీ కట్టకుండానే సోఫాలో గుర్రు పెడుతున్నారు. నేనూ పడుకోవాల్సిందే గానీ, ఆ మందుల షాపు కుర్రాడి మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. రాసేస్తే పోతుందేమో.

ముందు నోటీసు సంగతి. మా అపార్ట్‌మెంట్ సెక్రెటరీ గారి గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, సంక్రాంతి ముగ్గుల మీద కూడా సర్క్యులర్ తీసిన మనిషి. నిన్న లిఫ్టులో ‘వేసవి జాగ్రత్తలు’ అని రెండు పేజీలు అతికించారు. అదే వాట్సాప్‌లోనూ పెట్టారు. అందరూ వరసగా బొటనవేళ్ళు ఎత్తేశారు. ఒక్కరైనా చదివి ఉంటే మూడో పాయింటు దగ్గర ఆగేవారు. ఎండలోంచి వచ్చి చల్లటి నీళ్ళు తాగితే రక్తనాళాలు చిట్లిపోతాయట! ఈ ఫార్వర్డు ఏటా మామిడిపళ్ళతో పాటే వస్తుంది. ఎండదెబ్బ తగిలినవాణ్ణి ఎంత త్వరగా చల్లబరిస్తే అంత మంచిదని డాక్టర్లు మొత్తుకుంటారు. నీడకు చేర్చాలి, బట్టలు వదులు చేయాలి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. ఈ చివరి ముక్క ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. రక్తనాళాలు మాత్రం ఉన్నాయి.

ఇంకోటి. ఆ కాగితం నిండా ‘45 డిగ్రీలు దాటినప్పుడు’ అని ఉంది. విశాఖపట్నానికి రాసింది కాదది, ఏ రెంటచింతలకో రామగుండానికో రాసింది. మన దగ్గర 35 ఉన్నా చాలు, మనిషి నీరుగారిపోతాడు. గాల్లో తేమ నిండా ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే వాతావరణ శాఖ కూడా వడగాలి లెక్కకు మైదానాల్లో కనీసం 40 ఉండాలంటుంది, తీరప్రాంతాల్లో మాత్రం 37 నుంచే చూస్తుంది. ఫోన్‌లో 34 చూసి ‘పెద్ద ఎండేం కాదులే’ అని మధ్యాహ్నం రెండింటికి పూర్ణా మార్కెట్‌కి బయల్దేరే ఈయనకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

సరే, కుర్రాడి దగ్గరికి వస్తాను.

అత్తయ్యకు మధ్యాహ్నం నుంచి విరేచనాలు. నిన్నటి పెళ్ళి భోజనం అని నా అనుమానం, పనసకాయ బిర్యానీ అని ఆవిడ అనుమానం. నాలుగయ్యేసరికి నాలుక పిడచకట్టింది, లేస్తే తూలుతున్నారు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, రాత్రికి తగ్గకపోతే తీసుకురండి అన్నారు. చెప్పులేసుకుని పరిగెత్తాను.

‘‘ఓఆర్ఎస్ ఇవ్వు బాబూ’’ అన్నాను. వాడు వెనక్కి కూడా తిరగలేదు. పక్కనున్న ఫ్రిజ్ తెరిచి ఆపిల్ బొమ్మ ఉన్న అట్టడబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. ఇది కాదు, పొడి ప్యాకెట్ అన్నాను. ‘‘ఇదే ఆంటీ, అందరూ ఇదే తీసుకుంటారు, కలుపుకునే పని ఉండదు’’ అన్నాడు. మనిషికి విరేచనాలయ్యా అన్నాను. ‘‘వాటికే ఆంటీ’’ అన్నాడు. నా వెనకాల ఒకాయన అప్పటికే చంకలో పిల్లతో అదే డబ్బా పట్టుకుని డబ్బులు లెక్కపెడుతున్నాడు.

దీని వెనక ఎంత కథ నడిచిందో వాడికి తెలియదా? హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీదే పోట్లాడారు. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకుని తీపి నీళ్ళు అమ్ముతున్నారని కోర్టుకు కూడా వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశాలిచ్చింది, ఆ పేరు అలాంటి పానీయాల మీద ఉండకూడదని. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు డబ్బా మీద ఆ మూడక్షరాలు లేవు నిజమే. కుర్రాడి నోట్లో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పొడిలో లీటరు నీటికి గ్లూకోజు పదమూడున్నర గ్రాములు, దానికి సరిపడా ఉప్పూ, పొటాషియమూ, సిట్రేటూ ఉంటాయి. పేగులోంచి ఉప్పును లోపలికి చేరవేయడానికే ఆ కాస్త తీపి. తీపి అంతకు ఎన్నో రెట్లు పెరిగితే పేగు నీటిని పీల్చుకునే బదులు తనలోకే గుంజుకుంటుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. అందులోనూ మా అత్తయ్యకు షుగరు.

నేను గొంతు పెంచాను. పెంచాక గానీ లోపలి గది సొరుగులోంచి పొడి ప్యాకెట్లు రాలేదు. డబ్బా ధరలో సగం కూడా లేవు. అసలు కారణం అదేనేమో. ఆ పిల్ల తండ్రికి కూడా ఒక ప్యాకెట్ చేతిలో పెట్టి, లీటరు నీళ్ళు కొలిచి మొత్తం ఒకేసారి కలపండి, గ్లాసులో కాస్త కాస్త పొడి వేసుకోవద్దు, రేపు ఇదే టైముకు మిగిలింది పారబోయండి అని చెప్పాను. ఆయన తల ఊపి రెండూ కొనుక్కున్నాడు. డబ్బా కూడా! ఆపిల్ బొమ్మ చూసి పిల్ల ఏడుస్తోంది మరి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ‘‘ఈ పొట్లాలన్నీ ఎందుకే, తరవాణి పోసుంటే ఈపాటికి లేచి కూర్చుందును’’ అన్నారు. ఆవిడ గంజి పులియబెట్టే ఆ తరవాణి కుండ గురించి ఒక టపా బాకీ ఉన్నాను, గుర్తుంది. సాయంత్రానికి తేరుకున్నారు. రాత్రి చారన్నం రెండు ముద్దలు తిని, ముంజలు ఎందుకు తేలేదని ఈయన మీద కేకలేశారు. ఆ కేకలు వింటే నా ప్రాణం కుదుటపడింది.

కింద చెత్త పడేయడానికి వెళ్ళినప్పుడు లిఫ్టులో ఆ నోటీసు మళ్ళీ కనిపించింది. ఈసారి రెండో పేజీ అడుగున పెన్నుతో రాసింది చదివాను. ‘మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు వాచ్‌మన్‌కు కారు కడగడం, సామాన్లు మోయడం లాంటి పనులు చెప్పవద్దు.’ సెక్రెటరీ గారి చేతిరాతే. రక్తనాళాల పక్కన ఈ ఒక్క వాక్యం అసలైన మాట. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఏసీ గదుల్లో కూర్చుని ఫార్వర్డులు చదివినవాళ్ళు కాదు వాళ్ళలో ఎక్కువమంది, కూలి పనులకు వెళ్ళినవాళ్ళు, ముసలివాళ్ళు. సెక్రెటరీ గారి మీద ఈ టపాలో ఇంకా చాలా రాద్దామనుకున్నాను. వదిలేస్తున్నాను.

మా వాడి సంగతి. ఎంసెట్ అయిపోయింది కదా, పగ్గాల్లేవు. ఇవాళ తెల్లారకుండానే ఫ్రెండ్స్‌తో ఆర్కే బీచ్‌లో క్రికెట్ ఆడి ఎనిమిదిన్నరకల్లా వచ్చేశాడు, ఇల్లంతా ఇసుక. అది నాకూ ఇష్టమే. పొద్దున్నే అక్కడ బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి రోడ్డు వదిలేస్తారు, ఆ రెండు గంటలు ఊరు మన ఊరులా ఉంటుంది. వచ్చే ఆదివారం యారాడ బీచ్ అట, బళ్ళ మీద. వాళ్ళ నాన్న ‘‘వెళ్ళు వెళ్ళు’’ అనేశారు.

యారాడ అనగానే నాకు మా బావ గుర్తొస్తాడు. అక్క పెళ్ళయిన ఏడాది, కార్తీకమాసం, వనభోజనాలకని మా వీధంతా ఒక బస్సు మాట్లాడుకుని సింధియా మీదుగా కొండెక్కి అటు దిగాం. బావది నిజామాబాద్ వైపు. బ్యాంకులో ఆఫీసరు. గోదావరిలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదానని దారంతా చెబుతూనే ఉన్నాడు. పులిహోర పొట్లాలు విప్పుతుండగా బనీను, లుంగీతో నీళ్ళ వైపు నడిచాడు. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కాస్త మట్టి రంగులో, అలే లేనట్టు ఉంది. తెలివైనవాడు కదా, అటే వెళ్ళాడు.

పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు ఉన్నట్టుండి లేచి అరిచాడు. ఇక్కడ రాయలేని మాటలు. బావ మోకాళ్ళ లోతులో ఆగి, ఎర్రబడిపోయి, ‘‘మర్యాదగా మాట్లాడు, నేనెవరో తెలుసా, ఆఫీసర్ని’’ అన్నాడు. ‘‘ఆపీసరైతే సంద్రానికేటి బాబూ?’’ అన్నాడు ఆయన. అని, మేం తాగి పడేసిన కొబ్బరిబొండాం ఒకటి తీసుకొచ్చి ఆ నున్నటి పాయలోకి విసిరాడు. ఒడ్డుకు కొట్టుకొస్తుందని చూస్తున్నాం అందరం. అది రాలేదు. మా కళ్ళ ముందే తిన్నగా లోపలికి పోయింది, కెరటాలు విరిగే చోటు కూడా దాటి, చుక్కంత అయ్యేదాకా. ‘‘ఎల్లిపోనావంటే మరి రావు’’ అని ఆయన వెళ్ళి వల ముందు కూర్చున్నాడు. బావ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, పులిహోర ముట్టలేదు. ముసలాయనకు ఒక ఆకులో పెట్టి మా నాన్నే తీసుకెళ్ళి ఇచ్చాడు.

అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీళ్ళు తిరిగి వెళ్ళడానికి ఇసుక దిబ్బల మధ్య ఒక దారి చేసుకుంటాయి. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు. విరగదు కాబట్టి మనకు నెమ్మదిగా కనిపిస్తుంది. లాగినప్పుడు ఒడ్డు వైపే ఈదాలని చూస్తే ఎంతటి గజ ఈతగాడైనా అలిసిపోతాడు. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక అలలతో బయటకు రావాలి. ఇదంతా నేను చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. మన బీచ్‌ల్లో బోర్డులు మాత్రం ఇప్పటికీ ‘ప్రమాదం, దిగరాదు’ దగ్గరే ఆగిపోతాయి. ఎందుకు దిగరాదో, దిగి చిక్కుకుంటే ఏం చేయాలో ఒక బొమ్మ వేస్తే ఏం పోయింది? 1950ల నుంచి సముద్రం మీద చదువులు చెబుతున్న ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న ఊరు కదా ఇది! అలల హెచ్చరికలు కూడా వస్తూనే ఉంటాయి, అవి ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రమే లేని హైదరాబాద్‌లో, అది వేరే విషయం.

బొమ్మ వేయాలి, వివరంగా చెప్పాలి అనే ఇక్కడిదాకా రాసుకొచ్చాను. కానీ రాత్రి భోజనాల దగ్గర జరిగింది ఆలోచిస్తుంటే అంత నమ్మకంగా అనలేకపోతున్నాను. ఇదంతా మా వాడికి చెప్పబోతే మధ్యలోనే అందుకున్నాడు. ‘‘రిప్ కరెంట్ అమ్మా. కంగారు పడకూడదు, పారలల్‌గా ఈదాలి. రీల్స్‌లో చూశాం అందరం. అందుకే భయం లేదు’’ అన్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు, ఒక్క ముక్క తప్పు లేదు. వాడు ఈత నేర్చుకుంది నాలుగడుగుల స్విమ్మింగ్ పూల్‌లో. వివరం తెలియని బావ ఒక్క తిట్టుకు మోకాళ్ళ లోతులో ఆగాడు. వివరమంతా తెలిసిన వీడు ఆ వివరాన్నే ధైర్యం చేసుకుని దిగేలా ఉన్నాడు. అలాగని తిడితే ఆగుతాడా అంటే, నా తిట్లకు మా ఇంట్లో ఉన్న విలువ మీకు తెలుసు. ఆ ముసలాయన తిట్టినంత మాత్రాన బావ ఆగలేదేమో కూడా. ఆ బొండాం పోవడం చూశాడు గనక ఆగాడు.

జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కాబట్టి ఈ రోజుల్లో ఒడ్డున ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు, లైఫ్‌గార్డులూ ఉంటారు, వాళ్ళు ఈలేస్తే వింటారులే అంటారు ఈయన. యారాడలో ఎక్కడెక్కడ ఉంటారో ఈయనకేం తెలుసు?

ఒక కొబ్బరిబొండాం కొనుక్కుని, తాగి, ముందు దాన్ని నీళ్ళలోకి విసిరి చూడమని వాడికి చెప్పాను. పగలబడి నవ్వాడు. బండి తాళం నా దగ్గరే ఉంది. శనివారం సాయంత్రం అలల హెచ్చరిక చూసి చెప్తానన్నాను. హెచ్చరిక ఉంటే తాళం ఇవ్వను. లేకపోతే ఇస్తానని మాత్రం అనలేదు, వాడు గమనించలేదు.