ఎస్టీ జాబితాలో మా పేరు కోసం: ఫైలు కట్టడంలో నా అనుభవం

మేమెవరమో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వాలంటే తహసీల్దారు ఆఫీసులో మాత్రం జాబితాలో ఉన్న పేరే కావాలి, అక్షరం తేడా రాకూడదు. పేరుకి ముందు ‘కొండ’ అని చేరినా సర్టిఫికెట్ ఆగిపోతుంది. కోర్టుకెళితే తేలుతుందని చాలామంది ఆశపడతారు. తేలదు. ఎస్టీ జాబితా ఉండే రాష్ట్రపతి ఉత్తర్వును ఉన్నదున్నట్టే చదవాలని, ఫలానా పేరు కూడా అందులోదేనని విచారణ జరిపి చెప్పే అధికారం కోర్టులకు లేదని 2000లో మిలింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. రాజ్యాంగం 342(2) అధికరణం ప్రకారం జాబితాను మార్చగలిగేది పార్లమెంటే. జీవోతో అయ్యే పని కాదు.

1999లో పెట్టిన పద్ధతి ప్రకారం రాష్ట్రం సిఫారసు పంపాలి, జనగణన చూసే కేంద్ర అధికారి రిజిస్ట్రార్ జనరల్ ఒప్పుకోవాలి, తర్వాత జాతీయ ఎస్టీ కమిషన్ ఒప్పుకోవాలి. ఆ పైన కేబినెట్, బిల్లు. అసెంబ్లీ తీర్మానం అవగానే పని అయిపోయిందనుకోకండి.

మా మొదటి ఫైలు రిజిస్ట్రార్ జనరల్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. పేదరికం గురించే పేజీలు నింపాం. అక్కడ చూసేది ఎస్టీ జాబితాల సవరణ మీద వేసిన లోకూర్ కమిటీ 1965లో చెప్పిన ఐదు గుర్తులు: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, విడిగా ఉన్న నివాస ప్రాంతం, బయటివాళ్లతో కలవడానికి జంకు, వెనుకబాటు. ‘ఆదిమ’ అన్న మాట గుచ్చుకుంటుంది, నిజమే. అయినా జవాబు ఆ శీర్షికల కిందే రాయాలి.

రెండోసారి, జాబితాలో ఉన్న తెగా మేమూ ఒకటేనని చూపడానికి ఇంటిపేర్లతో మొదలుపెట్టాం. మాకూ ఆ తెగకూ కలిసే ఇంటిపేర్లేవి, ఎవరు ఎవరికి పిల్లనిచ్చారు, చావు మైల ఎవరెవరికి పడుతుంది అని ఊరూరా రాయించాం. అన్నిటికంటే అక్కరకొచ్చింది పాత బడి అడ్మిషన్ రిజిస్టరు. ఒకే తండ్రి పిల్లలిద్దరికి కులం గడిలో రెండు వేర్వేరు పేర్లున్నాయి, ఒకటి మాది, ఒకటి జాబితాలోది, చేతిరాత మాత్రం ఒక్కరిదే. ఆ పేజీ నకలు మీద హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర వేయించుకున్నాం. 1931 జనగణన, పాత జిల్లా గెజెటీర్ల నుంచి పేజీ నంబరుతో సహా జతచేశాం. ఇంగ్లిషు స్పెల్లింగు అన్ని కాగితాల్లో ఒకటే ఉండేలా చూసుకోండి, చట్టంలో అచ్చయ్యేది అదే.

రిజిస్ట్రార్ జనరల్ రెండోసారి కూడా కాదంటే ప్రతిపాదన అక్కడితో ముగిసిపోవచ్చు. నాయకులు ఎంత తొందరపెట్టినా సగం ఫైలు పంపొద్దు.

తమ పేరును జాబితాలో ఉన్న తెగకే మారుపేరుగా గుర్తించమని అడిగేవాళ్లు ఎస్టీ జాబితాను మార్చిన 2024 సవరణ చట్టం చూడండి. ఆంధ్రప్రదేశ్ జాబితాలో 25వ సంఖ్య దగ్గర బొండో పోర్జా, ఖోండ్ పోర్జా, 28వ సంఖ్య దగ్గర కొండ సవర చేరాయి. మీ అర్జీలో కూడా ఏ సంఖ్య, ఏ పేరు పక్కన చేర్చాలో అలాగే రాయండి.