ప్రెజెంట్ పర్ఫెక్ట్ పట్టుబడాలంటే రోజూ కనిపించే వాక్యాలు చూడండి

పోటీ పరీక్షల ఇంగ్లిష్ సెక్షన్‌కి ప్రిపేర్ అవుతున్న మిత్రులకు ఒక్క టెన్స్ గురించే చెప్పాలనుకుంటున్నాను: ప్రెజెంట్ పర్ఫెక్ట్. హావ్ లేదా హాజ్, దాని తర్వాత వీ3, అంటే క్రియ మూడో రూపం (సీ, సా, సీన్‌లో ‘సీన్’ లాంటిది). ఫార్ములా అందరికీ వచ్చు. కానీ ఎర్రర్ స్పాటింగ్‌లో (తప్పు పట్టే ప్రశ్నల్లో), ఫిల్లర్స్‌లో (ఖాళీలు నింపే ప్రశ్నల్లో) దీన్నీ సింపుల్ పాస్ట్‌నీ పక్కపక్కన పెట్టి అడిగితే చాలామంది అక్కడే తడబడతారు.

అందుకు కారణం ఉంది. తెలుగులో ‘నిన్న చూశాను’ అన్నా, ‘ఇదివరకే చూశాను’ అన్నా క్రియ మారదు. మనకు తేడా చెప్పేది పక్కనున్న కాలపు మాట. ఇంగ్లిష్‌లో క్రియే మారాలి. మొదటిదానికి ‘సా’, రెండోదానికి ‘హావ్ సీన్’. పుట్టినప్పటి నుంచి మనం పట్టించుకోని తేడా ఇది. పట్టిక ఎన్నిసార్లు బట్టీ పట్టినా, పరీక్షలో ఆ ముప్పై సెకన్లలో గుర్తుకు రాదు. వాక్యాలు కళ్లకు అలవాటైతేనే వస్తుంది.

నాకు ఈ టెన్స్ పట్టుబడింది ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చదవడం వల్ల. ‘యువర్ పాస్‌వర్డ్ హాజ్ బీన్ ఛేంజ్డ్.’ ‘యువర్ ఆర్డర్ హాజ్ బీన్ షిప్డ్.’ ‘యువర్ సెషన్ హాజ్ ఎక్స్‌పైర్డ్.’ వీటిలో ఎప్పుడు జరిగిందన్న మాటే లేదు. ఇప్పుడు పరిస్థితి ఏమిటన్నదే ముఖ్యం: పాత పాస్‌వర్డ్ ఇక పనిచేయదు, పార్సిల్ దారిలో ఉంది, మళ్లీ లాగిన్ అవ్వాలి. పని గతంలో జరిగింది, దాని ఫలితం ఇప్పుడు మన చేతిలో ఉంది. ఈ టెన్స్ చేసే పని ప్రధానంగా ఇదే. పేరులో ‘ప్రెజెంట్’ ఎందుకుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

అదే ఫోన్‌లో ఇంకో వాక్యం చూడండి: ‘యూ హావ్ టూ మిస్డ్ కాల్స్.’ హావ్ ఉంది, వీ3 లాంటి మాటా ఉంది. అయినా ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కాదు. ఇక్కడ ‘మిస్డ్’ అన్నది కాల్స్‌కి విశేషణం, ‘హావ్’ అంటే ఉన్నాయని అర్థం. ‘యూ హావ్ మిస్డ్ టూ కాల్స్’ అంటే అప్పుడు ప్రెజెంట్ పర్ఫెక్ట్. మాటల వరుస కొంచెం మారితే వాక్య నిర్మాణమే మారిపోతుంది. హావ్ కనపడగానే పర్ఫెక్ట్ అని టిక్ పెట్టేవాళ్లు ఈ రెండు వాక్యాలనూ నోట్‌బుక్‌లో ఒకదాని కింద ఒకటి రాసుకోండి.

ఇంకో రకం మెసేజ్ ఉంది, దానితో జాగ్రత్త. అకౌంట్ నుంచి డబ్బు పోయినప్పుడు ‘హాజ్ బీన్ డెబిటెడ్’ అని రాసి, వెంటనే ‘ఆన్’ అని తేదీ వేస్తుంటారు. గ్రామర్ ప్రకారం, గడిచిపోయిన తేదీ వాక్యంలోకి వచ్చిందంటే ‘వాజ్ డెబిటెడ్’ అనాలి. రోజూ చూసే వాక్యమే కదా అని పరీక్షలో ‘నో ఎర్రర్’ పెట్టకండి. యెస్టర్‌డే, లాస్ట్ వీక్, ఇన్ 2019, టూ డేస్ ఎగో, ఇలా ముగిసిన సమయం కనిపిస్తే హావ్, హాజ్ ఉండకూడదు. ‘వెన్’తో మొదలయ్యే ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. ‘వెన్ హావ్ యూ కమ్’ తప్పు, ‘వెన్ డిడ్ యూ కమ్’ రైటు.

ఈ రెండు టెన్సులూ ఒకేచోట బాగా కనిపించేది వార్తల్లో. మొదటి వాక్యం ‘ది కోచ్ హాజ్ రిజైన్డ్’ అంటుంది. రెండో వాక్యం నుంచి ‘హి సబ్మిటెడ్ హిజ్ లెటర్ ఆన్ మండే’ అని సింపుల్ పాస్ట్‌లోకి దిగిపోతుంది. కొత్త సంగతి చెప్పడానికి పర్ఫెక్ట్, వివరాలకు పాస్ట్. ఇంగ్లిష్ పేపర్లో రోజుకు ఒక చిన్న వార్త తీసుకుని క్రియల కింద గీతలు పెట్టి చూడండి. క్లోజ్ టెస్ట్‌లో, అంటే మధ్యమధ్యలో ఖాళీలున్న పేరాలో, ఖాళీకి ముందు వాక్యం చదివితే తర్వాతి టెన్స్ తెలిసిపోవడం మొదలవుతుంది. నా ప్రిపరేషన్‌లో ఎక్కువ ఉపయోగపడిన పని ఇదేనని గట్టిగా చెప్పగలను.

సిన్స్, ఫర్ గురించి అందరూ చెబుతారు కాబట్టి ఎక్కువగా తడబడే చోట్లే చెప్తాను. ‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ మన చెవికి బాగానే ఉంటుంది, ఎందుకంటే తెలుగులో ‘ఐదేళ్లుగా ఉంటున్నాను’ అంటాం. ఇంగ్లిష్‌లో ‘హావ్ బీన్ లివింగ్’ కావాలి. అలాగని ఫర్ కనపడిన ప్రతిచోటా హావ్ పెట్టకూడదు. ‘షి వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ కూడా రైటే. ఇప్పుడు అక్కడ పనిచేయడం లేదని అర్థం. ఇక ‘ఐ హావ్ నోన్ హిమ్ సిన్స్ హి జాయిన్డ్ ది టీమ్’ అన్న వాక్యంలో చాలామంది ‘జాయిన్డ్’ దగ్గర తప్పు పడతారు. అక్కడ తప్పేమీ లేదు. సిన్స్ తర్వాత పని మొదలైన క్షణం చెబుతున్నాం కాబట్టి సింపుల్ పాస్టే రావాలి. ‘హావ్ బీన్ నోయింగ్’ అని ఆప్షన్ ఇస్తే అది తీసేయండి, ‘నో’ (తెలియడం) లాంటి క్రియలకు సాధారణంగా ఐఎన్‌జీ రాదు. ‘సిన్స్ హి వాజ్ ఇల్, హి డిడ్ నాట్ కమ్’ అన్నప్పుడు సిన్స్‌కి ‘కాబట్టి’ అన్న అర్థం. అక్కడ పర్ఫెక్ట్‌తో సంబంధమే లేదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఐన్‌స్టీన్‌కి 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది, ఆయన 1955లో చనిపోయారు. అందుకే ‘ఐన్‌స్టీన్ హాజ్ వన్ ది నోబెల్ ప్రైజ్’ అని ఇప్పుడు అనకూడదు, ‘వన్’ అనాలి. బతికున్న శాస్త్రవేత్త గురించి అయితే ‘హాజ్ వన్’ బాగుంటుంది. మరి ‘ఐన్‌స్టీన్స్ వర్క్ హాజ్ ఛేంజ్డ్ అవర్ ఐడియా ఆఫ్ టైమ్’? అది రైటే. మనిషి లేకపోయినా ఆయన చేసిన పని ప్రభావం ఇంకా నడుస్తోంది. తేదీ ఏదీ లేకుండానే వాక్యంలోని కర్త టెన్స్‌ని నిర్ణయించడం ఎంత అందంగా ఉందో చూడండి! ‘దిస్ మార్నింగ్’ కూడా ఇలాంటిదే. ఇంకా ఉదయమే అయితే ‘హావ్ డ్రంక్ టూ కప్స్ దిస్ మార్నింగ్’, మధ్యాహ్నం దాటితే ‘డ్రాంక్’.

‘దిస్ ఈజ్ ది ఫస్ట్ టైమ్’ తర్వాత ‘ఐ హావ్ సీన్’, ‘ఇట్ వాజ్ ది ఫస్ట్ టైమ్’ తర్వాత ‘ఐ హాడ్ సీన్’. దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోవడమే.

చివరిగా జస్ట్, ఆల్రెడీ, యెట్ సంగతి. అమెరికన్ సిరీస్‌లు చూసేవాళ్లకు ‘ఐ జస్ట్ ఎయిట్’ (ఇప్పుడే తిన్నాను), ‘డిడ్ యూ ఈట్ యెట్’ లాంటివి చెవికి అలవాటై ఉంటాయి. అమెరికన్ వాడుకలో అవి సహజమే. మన పరీక్షల్లో ఎక్కువగా బ్రిటిష్ పద్ధతే నడుస్తుంది. ఈ మూడింటిలో ఏదైనా ఉండి, గడిచిన తేదీ లేకుండా, సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్ రెండూ ఆప్షన్లుగా కనిపిస్తే, టెన్షన్ పడకుండా హావ్ లేదా హాజ్ ఉన్నదే పెట్టండి.