మెడ తిరగకపోతే మనిషే తిరగాలి

తిరుపతికి ఒక్కదాన్నే వెళ్ళొస్తానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నిజమేనని తెలిశాక మా అమ్మాయి "నేనూ వస్తా" అంది. మా ఆయన "వేసవి సెలవుల్లో అందరం వెళ్దాం" అన్నారు. మా అక్కయితే ఆటో ఎక్కి వచ్చి మరీ తిట్టింది. పదిహేనేళ్ళుగా నా నడుము సంగతి చూస్తున్నవాళ్ళు కాబట్టి వాళ్ళ భయం వాళ్ళది. నేను ఒంటరిగా వెళ్ళాలనుకున్నదీ అందుకే. నలుగురితో వెళ్తే నొప్పిని భరించడం ఒక ఎత్తు, నా మొహం చూసి వాళ్ళు పడే కంగారుని భరించడం ఇంకో ఎత్తు. "ఎలా ఉంది? కూర్చుంటావా? వెనక్కి వెళ్ళిపోదామా?" అని పది నిమిషాలకోసారి అడుగుతుంటే, బాగానే ఉందని చెప్పడానికే సగం ఓపిక అయిపోతుంది.

నాది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఆ పేరు తడబడకుండా పలకడానికే నెల పట్టింది. వెన్నెముక కీళ్ళలో, ముఖ్యంగా వెన్ను వచ్చి కటి ఎముకతో కలిసే చోట, వాపు వచ్చి మెల్లమెల్లగా బిగుసుకుపోయే జబ్బు. ఆరేళ్ళపాటు డిస్కు అన్నారు, ఒళ్ళు తగ్గించమన్నారు, కాన్పు తర్వాత ఆడవాళ్ళకి మామూలే అన్నారు. చివరికి ఒక కీళ్ళ డాక్టరుగారు ఎంఆర్‌ఐ తీయించి, హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే రక్తపరీక్ష చేయించి తేల్చారు. దీని తిరకాసు ఏమిటంటే, పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. రాత్రి రెండింటికో మూడింటికో నొప్పే నిద్ర లేపుతుంది. లేచి కాసేపు అటూ ఇటూ తిరిగితే గానీ మనిషిని కాను. "పాపం, కాసేపు కూర్చోమ్మా" అని జాలిపడేవాళ్ళతోనే నాకు పెద్ద చిక్కు.

వెళ్ళింది మొక్కు కోసం. జబ్బు తేలిన రోజున మా అమ్మ, నాకు తగ్గితే నాచేత మూడు కత్తెర్లు ఇప్పిస్తానని వెంకన్నకి మొక్కుకుంది. తగ్గలేదు. తగ్గే జబ్బు కాదది, అదుపులో పెట్టుకోవలసిందే. అమ్మ పోయి రెండేళ్ళయింది. అదుపులో ఉండటాన్నే తగ్గడం కింద జమ వేసుకో స్వామీ అని నేనే ఒక రాజీకి వచ్చాను.

మొదటి చిక్కు టికెట్టు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో మూడు నెలల ముందే ఇచ్చేస్తారు. మామూలువాళ్ళకి అవి దొరకడమే సమస్య. నాకు దొరికినా సమస్యే. మూడు నెలల తర్వాత ఒకానొక బుధవారం పొద్దున తొమ్మిదింటికి నా నడుము ఎలా ఉంటుందో ఇవాళ నేనెలా చెప్పను? 65 దాటినవాళ్ళకి, దివ్యాంగులకి వేరే దర్శనం ఉంది. నాకు 46. సదరం సర్టిఫికెట్ లేదు. చూడ్డానికి దుక్కలా ఉంటాను.

అందుకని క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాను. రెండు వారాలకోసారి పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్ ఒకటి ఉంది నాకు. వేసుకున్న మూడో రోజు నుంచి బాగుంటాను, రెండో వారం చివరికొచ్చేసరికి దాని బలం అయిపోతుంది. పద్నాలుగేసి రోజులు లెక్కపెట్టుకుంటూ పోయి, దర్శనం సరిగ్గా ఇంజెక్షన్ వేసుకున్న నాలుగో రోజు పడేలా తేదీ ఎంచుకున్నాను. పెళ్ళి ముహూర్తానికి కూడా ఇంత లెక్క వేసి ఉండరు. ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. ఆ మందుని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. ఐస్ డబ్బా మోసుకుంటూ తిరుపతి ఎండలో తిరిగే పని తప్పింది. డాక్టరుగారిని అడిగితే, ఆ మందు రోగాలను తట్టుకునే శక్తిని కొంత తగ్గిస్తుంది కాబట్టి జనంలో మాస్కు తీయొద్దని, జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయమని చెప్పారు. "మెట్లెక్కొచ్చా అండీ, నడక మంచిదంటారుగా?" అన్నాను. "నడక మంచిదేనమ్మా. 3,550 మెట్లు నడక కాదు" అన్నారు. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2,388 మెట్లే అని నోటి చివరిదాకా వచ్చింది, ఊరుకున్నాను.

రైల్లో 45 దాటిన ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే లోయర్ బెర్తు కోటా ఉంటుంది. వయసు పెరిగినందుకు నాకు దక్కిన ఏకైక బహుమతి అది. రాజమండ్రిలో ఎక్కి పక్క పరుచుకున్నానో లేదో, పై బెర్తు వచ్చిన ఒకాయన "మేడమ్, మా ఆవిడ ఎక్కలేదు, మీరు కాస్త..." అని మొదలుపెట్టాడు. ఆవిడకి ముప్పై ఉంటాయేమో. నేను నా జబ్బు కథ మొత్తం చెప్పాను. వెన్నెముక, వాపు, రక్తపరీక్ష, అన్నీ. ఆయన ఓపిగ్గా విని, "అవునండీ, మా ఆవిడక్కూడా నడుం నొప్పే" అన్నాడు. అంత చెప్పాక కాదనడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఎక్కాను. రెండున్నరకి మెలకువ వచ్చేసరికి నడుము చెక్కలా ఉంది. చీకట్లో ఆ సన్నటి మెట్ల మీద కాలు వెతుక్కుంటూ దిగడానికి ఎంతసేపు పట్టిందో చెప్తే మా అక్క ఇంకెప్పుడూ నన్ను గడప దాటనివ్వదు. నెల్లూరు దాటేదాకా తలుపుల దగ్గరే నిలబడ్డాను.

మంగళవారం మొత్తం ఖాళీగా ఉంచుకోవడం నేను చేసిన తెలివైన పని. దిగిన రోజే కొండెక్కితే ఆ రాత్రి అప్పు దర్శనంలో తీర్చాల్సి వచ్చేది. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో లాడ్జి. ఫోన్లో నేను అడిగింది ఒకటే, వేడినీళ్ళు ఎన్నింటికి వస్తాయని. "ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి మేడమ్." బుధవారం తెల్లవారుజామున మూడింటికి కుళాయి తిప్పితే చన్నీళ్ళు. కిందికి ఫోన్ చేస్తే "ఐదున్నరకి వేస్తాం మేడమ్." పొద్దున్నే వేడినీళ్ళు నాకు సుఖం కోసం కాదు. అవి వీపు మీద పడితే గానీ వంగి చెప్పులు వేసుకోలేను.

నా దగ్గర రబ్బరు హాట్‌వాటర్ బ్యాగ్ ఉంది. దాన్ని చున్నీలో చుట్టుకుని రోడ్డెక్కాను. తిరుపతిలో గొప్పతనం ఏమిటంటే తెల్లవారుజామున మూడున్నరకి కూడా వీధిలో మనుషులుంటారు, టీ కొట్టు తెరిచి ఉంటుంది. కొట్టు కుర్రాడు నా చేతిలో దాన్ని చూసి "ఏంది అక్కా ఇది?" అన్నాడు. చెప్పాను. గిన్నెలోంచి కాగుతున్న నీళ్ళు నింపి, మూత బిగించి, రెండు టీల డబ్బులు తీసుకున్నాడు. గ్యాసు ఊరికే రాదుగా. దాన్ని నడుముకి కట్టుకుని, పైన చున్నీ కప్పుకుని, గుడి చుట్టుపక్కల వీధుల్లో ముప్పావుగంట తిరిగాను. నాలాగా తిరుగుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఎందుకు తిరుగుతున్నారో మరి.

కొండ మీదికి బస్సు. వెనక చక్రాల మీది సీట్లో కూర్చుంటే ప్రతి గతుకూ వెన్నులోకే వస్తుంది, అందుకని మధ్యలో సీటు చూసుకున్నాను. అలిపిరి దగ్గర తనిఖీకి అందరినీ దింపితే కొందరు విసుక్కున్నారు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నాలుగు అడుగులు వేయడానికి ఒక వంక. గోవిందా అంటూ మెట్ల దారికి వెళ్ళేవాళ్ళని చూసి కొంచెం అసూయ కూడా కలిగింది. కొండ దిగే ఘాట్ రోడ్డు 1944 నాటిది, ఎక్కేది 1974లో వేసింది. దిగేదానికి మలుపులెక్కువ. ఎక్కేటప్పుడు ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంటే సరిపోయింది గానీ, దిగేటప్పుడు ప్రతి మలుపుకీ ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోయింది.

కల్యాణకట్టలో కింద కూర్చున్నాను. "తల వంచమ్మా" అన్నాడు క్షురకుడు. వంచాను. "ఇంకొంచెం." నాకు అంతే వంగుతుంది. అతను ఒక్క క్షణం చూసి, ఏమీ అడగకుండా తనే పక్కకి జరిగి మూడు కత్తెర్లు వేశాడు. రోజుకి ఎన్ని మెడలు చూస్తాడో!

దర్శనానికి ఫోన్ లోపలికి తీసుకెళ్ళకూడదు. నా మాత్రలకి అలారం మోగేది ఫోన్లోనే. అందుకని నాన్నగారి పాత హెచ్‌ఎంటీ వాచీ పెట్టుకెళ్ళాను. ఏడున్నరకి రెండు ఇడ్లీ తిని మాత్ర వేసుకున్నాను. ఈ నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే పొట్ట పాడవుతుంది, ఆ పాఠం నాకు ఒకసారి ఆస్పత్రిలో నేర్పారు. చెప్పులు వదిలేశాక మడమలు మొదలుపెట్టాయి. ఈ జబ్బు మడమ ఎముకకి స్నాయువులు అతుక్కునే చోట కూడా కూర్చుంటుంది. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా నడవను. రాతి నేల మీద నెమ్మదిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనించి నడిచాను.

క్యూ కదులుతున్నంతసేపూ నాకు హాయి. ఆగి కూర్చోబెట్టినప్పుడే కష్టం. ఇరవై నిమిషాలకోసారి లేచి గోడ దాకా వెళ్ళి వస్తున్నాను. మూడోసారికి, పక్కన కూర్చున్న పెద్దావిడ, పలమనేరు దగ్గర పల్లెట, "ఏం మా, కాలు కాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావే?" అంది.

"కూర్చుంటే నడుం పట్టేస్తుంది మామ్మగారూ. తిరిగితేనే బాగుంటుంది."

"అట్లనా. నాకు మోకాళ్ళు. కూర్చుంటే లెయ్యలేను, లేస్తే కూర్చోలేను." కాసేపు ఆగి, "నువ్వు తిరుగు. నీ జాగా నేను చూస్తా" అని తన కొంగు నా చోట పరిచేసింది. అంతే. తర్వాత నొప్పి మాటే ఎత్తలేదు. మనవడికి పెళ్ళి కుదరడం లేదన్న సంగతి మాత్రం చాలా వివరంగా చెప్పింది.

లోపల తోపులాటలో గోడవైపు నడవాలని ముందే అనుకున్నాను. కనీసం ఒక పక్క నుంచి ఎవరూ తగలరు. స్వామి కనిపించింది కొన్ని క్షణాలు. అందరూ బయటికి నడుస్తూనే మెడ వెనక్కి తిప్పి ఇంకోసారి, ఇంకోసారి చూసుకుంటారు. నా మెడ అంత తిరగదు. కారు రివర్స్ చేయడం మానేసి నాలుగేళ్ళయింది. ఆ సంగతి ముందే ఆలోచించుకోలేదు చూడండి, ఇన్ని లెక్కలు వేసినదాన్ని. మెడ తిరగకపోతే మనిషే తిరగాలి కదా, మొత్తం తిరిగిపోయి నాలుగడుగులు వెనక్కి వెనక్కి నడిచాను. ఎవరి కాలో తొక్కాను, ఆయన "అబ్బా" అన్నాడు, ఎవరో భుజం పట్టుకుని ముందుకి తిప్పారు. ఆ నాలుగడుగులూ దర్శనమే. అమ్మ గుర్తొచ్చింది. మిగతాది చెప్పను.

వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోంచేసి బయటికొస్తే ఒంట్లో నొప్పే లేదు. నిజంగా ప్రమాదం అక్కడే ఉంది. నొప్పి ఉన్న రోజు ఎవరూ చెప్పకపోయినా జాగ్రత్తగా ఉంటాను. లేని రోజున నాకు ఇరవై ఏళ్ళు వచ్చేస్తాయి. కొండ దిగి గదికెళ్ళి పడుకోవలసినదాన్ని, కపిలతీర్థం చూశాను, అక్కడి నుంచి తిరుచానూరు వెళ్ళి అమ్మవారిని చూశాను, బజార్లో మా అమ్మాయికి గాజులు బేరమాడుతూ గంట నిలబడ్డాను. మర్నాడు కాణిపాకం వెళ్ళడానికి బస్సు వేళలు కూడా కనుక్కున్నాను.

గురువారం పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను. పక్కకి దొర్లి, మోకాళ్ళ మీద కూర్చుని, కుర్చీ పట్టుకుని నిలబడేసరికి ఏడు దాటింది. ఇంకో మాత్ర వేసుకోవాలనిపిస్తుంది అప్పుడు. వేసుకోకూడదు, రోజుకి ఎన్నో అన్నే. వేడినీళ్ళు ఐదున్నర నుంచి వస్తున్నాయి కాబట్టి పావుగంట వాటి కింద నిలబడ్డాను. తర్వాత లాడ్జి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి పది చుట్లు, కాసేపు బోర్లా పడుకోవడం, మళ్ళీ పది చుట్లు. గది ఊడ్చే అమ్మాయి రెండుసార్లు వింతగా చూసింది.

పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. "కాణిపాకం చేరావా? వినాయకుడు బాగా కనిపించాడా?"

"బాగా కనిపించాడే" అన్నాను. జనం ప్రమాణాలు చేసే దేవుడి పేరు మీదే అబద్ధం ఆడేశాను. అర నిమిషం తర్వాత నేనే మళ్ళీ ఫోన్ చేసి, గదిలోనే ఉన్నానని, లేవలేకపోయానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. "టిఫిన్ తిన్నావా?" అంది. అంతే.

సాయంత్రానికి రైలెక్కేంత మనిషినయ్యాను. ఈసారీ లోయర్ బెర్తే. దుప్పటి పరుస్తుంటే ఒక పెద్దమనిషి, యాభై ఐదు ఉంటాయి, "అమ్మా, నాది పై బెర్తు, మీరు చిన్నవాళ్ళు కదా..." అన్నారు.

"ఇవ్వలేనండి" అన్నాను.

ఎందుకో చెప్తానేమోనని ఆయన చూశారు. నేను దిండు సర్దుకున్నాను. గూడూరు దాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా పైకెక్కారు. నా కంటే బాగానే ఎక్కారు.