ద్వీపాల ప్రభువు జాన్: పెద్దభార్య కొడుక్కి పట్టం ఎందుకు రాలేదు?

మన కడప, కర్నూలు ఊళ్ల కైఫియత్తులు (గ్రామ చరిత్రలు) రాయించిన కాలిన్ మెకంజీ సొంతూరు స్టోర్నోవే. స్కాట్లాండ్‌కు పడమర సముద్రంలో లూయిస్ దీవిలో ఉంది. అతను పుట్టడానికి నాలుగు వందల ఏళ్ల ముందు ఆ దీవి, చుట్టుపక్కల దీవులు మెక్‌డొనాల్డ్ వంశ నాయకుడు ఇస్లే జాన్ చేతిలో ఉండేవి. 1336లోనే ఇతను 'ద్వీపాల ప్రభువు' అని బిరుదు పెట్టుకున్నాడు.

ఆ వంశ మూలపురుషుడు సోమర్లెడ్ 1164లో రెన్‌ఫ్రూ దగ్గర చంపబడ్డాడు. అక్కణ్ణుంచి వరస: రానల్డ్, డొనాల్డ్, పెద్ద ఆంగస్, చిన్న ఆంగస్, జాన్. సోమర్లెడ్‌కు పైన ఐర్లాండ్ పురాణ రాజుల దాకా పేర్లు ఎక్కించారు. చంద్రవంశం నుంచి మొదలుపెట్టే మన పాలెగాళ్ల వంశావళులు చూసినవాళ్లకు ఇది తెలిసిన తంతే, ఆ భాగం వదిలేయొచ్చు. కింది వరసకూ లెక్క కట్టాల్సిందే. జాన్ పోయింది 1386 ప్రాంతంలో. అంటే 222 ఏళ్లకు ఐదు తరాలు, తరానికి 44 ఏళ్లు. మామూలుగా వేసుకునేది 25-30. లేటు వయసులో పుట్టిన కొడుకులైనా కావాలి, నడుమ ఒక పేరైనా జారిపోయి ఉండాలి. ఆధారం లేకుండా మనమే ఒక పేరు ఇరికించడం మాత్రం తప్పు.

అసలు తిరకాసు పెళ్లిళ్ల దగ్గరుంది. జాన్ మొదటి భార్య పేరు ఏమీ (Amie) మెక్‌రూరీ. జాన్, ఏమీ ఇద్దరూ సోమర్లెడ్ కొడుకు రానల్డ్‌కు నాలుగో తరం వాళ్లు, ఒకే మగ సంతతి. మన దగ్గరైతే సగోత్రమని పెద్దలు ఒప్పుకోరు. అక్కడ చర్చి అభ్యంతరం ఉంటే 1337లో పోపు అనుమతి తెచ్చుకున్నారు. 1346లో ఆమె సోదరుణ్ణి పెర్త్ దగ్గర రాస్ ఎర్ల్ (రాస్ ప్రాంతపు ప్రభువు) మనుషులు చంపేశారు. దాంతో ఆమె పుట్టింటి గార్మోరన్ భూములు ఏమీ వైపు నుంచి జాన్‌కు కలిసొచ్చాయి. ఆ తర్వాత 1350 ప్రాంతంలో రాబర్ట్ స్టీవర్ట్ కూతురు మార్గరెట్‌ను చేసుకున్నాడు. 1371లో ఆ మామ స్కాట్లాండ్ రాజయ్యాడు. ఇంక చెప్పేదేముంది, పట్టం మార్గరెట్ కొడుకు, రాజుగారి మనవడు డొనాల్డ్‌దే. ఏమీ కొడుకు రానల్డ్‌కు తల్లి వైపు గార్మోరన్ దక్కింది, క్లాన్‌రానల్డ్ శాఖ అతని సంతతే.

పెద్దకొడుకే వారసుడనుకుని వంశవృక్షం గీసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. పైగా రానల్డ్‌లు ముగ్గురు: సోమర్లెడ్ కొడుకు, ఏమీ సోదరుడు, ఏమీ కొడుకు. ప్రతి పేరు పక్కన తండ్రి పేరు, తల్లి పేరు, చనిపోయిన ఏడు రాసుకుంటే ఈ గజిబిజి ఉండదు. తల్లి పేరు లేని వంశావళిలో ఆస్తి ఎటు పోయిందో ఎప్పటికీ అర్థం కాదు.

డొనాల్డ్ 1411లో భార్య తరఫు రాస్ హక్కు కోసం హార్లాలో యుద్ధం చేశాడు. అతని మనవడి కాలంలో, 1493లో, ద్వీపాల ఏలుబడి మొత్తాన్ని స్కాట్లాండ్ రాజు జప్తు చేసుకున్నాడు.